తావుర్యాతో ఇరవై ఏడో కుస్తీ

19 సెప్టెంబర్ 2011, సోమవారం

ఈ రోజు నుంచి బస్సులు బంద్. జనగామ డిపోలో బస్సులన్నీ కదలకుండా వరుసగా నిలబడ్డాయి. ఇరవై మూడేళ్ల కండక్టర్ ఉద్యోగంలో, జ్వరం వచ్చిన రోజులు తప్ప, పొద్దున ఆరింటికి చేతిలో టికెట్ల మిషన్ లేకపోవడం ఇదే మొదలు. ఏం చేయాలో తోచక రెండుసార్లు గడ్డం గీసుకున్నాను.

చిలుకమ్మ ఊరుకోలేదు. "ఇంట్ల కూసుంటె నా పానం తింటవ్. చౌరస్తకాడికి పో, అందరు ఆడనే ఉన్నరు" అని వెళ్లగొట్టింది. పెళ్లాం మాట కాదనే ధైర్యం నాకెప్పుడూ లేదు. పోయాను. టీచర్లు, గుమాస్తాలు, మా డ్రైవర్లు అందరూ టెంటు కింద ఉన్నారు. హైదరాబాద్ రోడ్డు మీదే వంట, రోడ్డు మీదే భోజనం. తెలంగాణ ఇచ్చేదాకా పనిలోకి వెళ్లేది లేదు.

యూనియన్ వాళ్లిచ్చిన ఈ డైరీ తొమ్మిది నెలలుగా బీరువా మీద ఖాళీగా పడి ఉంది. సమ్మె ఎన్నాళ్లో తెలియదు. రాస్తుంటే పొద్దు పోతుంది. ఎవరూ చదవరు కాబట్టి తప్పుల భయం లేదు.

21 సెప్టెంబర్

రోడ్డు మీద కబడ్డీ ఆడారు. నిన్న గోలీలు, మొన్న చిర్రగోనె. రోజుకో ఆట పెడితేగాని టెంటు కిందికి జనం రావడం లేదు. ఈ ఏర్పాట్లన్నీ చూసేది వెంకట్రాం అని కాలేజీ లెక్చరర్. సన్నగా ఉంటాడు, గొంతు మాత్రం మైకు లేకపోయినా పెంబర్తి దాకా వినిపిస్తుంది.

"ఆగన్నా, నువ్వు ఒకప్పుడు పహిల్వాన్‌వట గద?" అన్నాడు.

నా నోరు ఊరుకోదు. "ఇరవై ఆరు కడెం కుస్తీలు పట్టిన. ఒక్కటి గూడ ఓడలే" అన్నాను. టెంటు టెంటంతా నా వైపు చూసింది. టికెట్లు కొట్టే ఆగయ్యను చూసిన చూపు కాదు అది. చాలా బాగా అనిపించింది.

ఎవరితో పట్టావని ఎవరూ అడగలేదు.

22 సెప్టెంబర్

పొద్దున పది బస్కీలు తీశాను. నడుము పట్టేసింది. చిలుకమ్మ కాపడం పెడుతూ నవ్వింది.

24 సెప్టెంబర్, శనివారం

వెంకట్రాంకు పెద్ద ఆలోచనే వచ్చింది. దసరా దాటాక వచ్చే ఆదివారం, తొమ్మిదో తారీఖున, చౌరస్తాలో ఇసుక పోసి కుస్తీ పెట్టిస్తాడట. ఒకడి మెడలో తెలంగాణ అని అట్టముక్క, ఇంకొకడి మెడలో సమైక్య అని అట్టముక్క. చివరికి తెలంగాణ గెలవాలి. "పత్రికలోళ్లు ఉరికొస్తరు అన్నా" అన్నాడు.

"నాతోని పట్టేటోడు ఎవడున్నడు గిప్పుడు?" అన్నాను.

"నీ జోడీ ఉన్నడట గద. మానుకోట దిక్కు తండాల. తావుర్యా నాయక్. ఫోన్ నంబర్ గూడ దొరికింది."

ఇరవై నాలుగేళ్లుగా ఆ పేరు ఎవరూ నా ముందు పైకి అనలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టి, పని ఉందని ఇంటికి వచ్చేశాను. సమ్మెలో ఉన్నవాడికి పనేముంటుందని ఎవరూ అడగకపోవడం నా అదృష్టం.

25 సెప్టెంబర్, ఆదివారం

నిన్నటి నుంచి కుస్తీ నేర్చుకున్న తాలీం వాసన ముక్కులోంచి పోవడం లేదు.

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలు కట్ట పక్కన ఉండేది మా ఉస్తాద్ వీరస్వామి తాలీం. పైన తాటాకు కప్పు, కింద మోకాలి లోతు ఎర్రమట్టి. ఆ మట్టిలో పసుపు, పుల్లమజ్జిగ, నువ్వుల నూనె పోసి వారం రోజులు తొక్కేవాళ్లం. పొద్దున్నే ఆ మట్టి చల్లగా ఒంటికి తగిలితే ప్రాణం లేచి వచ్చేది. తావుర్యా రైలు పట్టాల పనికి వచ్చినవాడు. పని అయ్యాక తాలీం గోడ మీద మోచేతులు పెట్టుకుని చూస్తూ నిలబడేవాడు. ఒకరోజు ఉస్తాదే పిలిచాడు. "సూసుడు గాదు, దిగు" అన్నాడు. దిగిన మొదటి రోజే నన్ను మూడుసార్లు పడేశాడు.

అది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తే ఎవరికి తెలుస్తుంది?

జాతరలకు ఉస్తాద్ మమ్మల్ని జోడీలుగా తీసుకుపోయేవాడు. కొబ్బరికాయ కుస్తీతో మొదలయ్యేది. చిన్న పిల్లలు పట్టేది అది. గెలిచినవాడికి కొబ్బరికాయ. పొద్దు వాలే వేళకు చివరగా వెండి కడియం గెలుచుకునే కడెం కుస్తీ, మా జోడీది. మాది మాట కుస్తీ. అంటే ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుని పట్టేది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇద్దరు బలమైనవాళ్లు నిజంగా పట్టుకుంటే గంటసేపు ఎద్దుల్లా తలలు ఆనించి నిలబడతారు, జనం లేచి మిఠాయి కొట్టుకు పోతారు. మాట కుస్తీ అయితే ఎత్తుడు, తిప్పుడు, చేజారుడు, మళ్లీ దొరకబట్టుడు. జనం గొంతులు పోయేలా అరిచేవాళ్లు. ఇక ముగిద్దామనుకున్నప్పుడు, పడాల్సినవాడు అవతలివాడి వీపు మీద బొటనవేలితో రెండుసార్లు నొక్కాలి. 'పడేయ్' అని దానర్థం. ఆ నొక్కుడు దాకా ఇద్దరూ ఒళ్లు వదులుగా ఉంచాలి, లేకపోతే ఎముకలు విరుగుతాయి. ఆ వేలి మీద నమ్మకంతోనే మొత్తం ఆట నడిచేది.

నొక్కేది ఎప్పుడూ తావుర్యానే. అతను తండా మనిషి. జాతర చేసే ఊరిపెద్దలకు కడెం తండాకు పోవడం నచ్చేది కాదు. ఉస్తాద్ ఆ సంగతి మాతో అనలేదు, మేమూ అడగలేదు. అప్పటి పద్ధతి అది.

కానీ పడటంలో తావుర్యాను మించినవాడు లేడు. వీపు నేలకు తాకే ముందు అరచేత్తో మట్టిని ఠపీమని కొట్టేవాడు. ఆ చప్పుడుకు ముందు వరుసలో ఆడవాళ్లు "అయ్యో" అని లేచేవాళ్లు. అతను కళ్లు మూసుకుని పడి ఉండి, నేను చెయ్యి ఇచ్చి లేపేటప్పుడు ఒక కన్ను తెరిచి నవ్వేవాడు. అతనికీ ఇష్టంగానే ఉండేది అనుకుంటాను.

తిరిగొచ్చేటప్పుడు నడకే. దారిలో సీతాఫలాలు తెంపుకుని తినేవాళ్లం. గింజలు ఎంత దూరం ఊస్తామో పందెం. ఒకసారి వాళ్ల తండాలో ఆగితే వాళ్ల అమ్మ, యాడి అంటారు వాళ్లు, జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం వేసి పెట్టింది. ఎనిమిది రొట్టెలు తిన్నాను. ఆమె నా భుజం నొక్కి చూసి వాళ్ల భాషలో ఏదో అంది. ఏమందని అడిగితే తావుర్యా, "గింత మెత్తగున్నోడు నిన్నెట్ల పడేస్తడు అంటున్నది" అన్నాడు. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

ఇప్పుడు రాస్తూ కూడా నవ్వాను. చిలుకమ్మ వచ్చి చూసి పోయింది.

27 సెప్టెంబర్

ఎంగిలిపూల బతుకమ్మ. చిలుకమ్మ తంగేడు పూలు పేరుస్తూ తల ఎత్తకుండానే అడిగింది.

"తావుర్య ఒస్తుండట గద?"

"ఒస్తె రానియ్యి."

"టేకుమట్ల సంగతి ఎత్తుతడని భయమైతున్నదా?"

"ఎత్తెటందుకు ఏమున్నది? చెయ్యి జారింది. కుస్తీల జారుతది."

ఆమె గునుగు పూలకు రంగు అద్దుకుంటూ కూర్చుంది. టేకుమట్ల శివరాత్రి జాతర 1987లో. అది మా ఇరవై ఆరో కుస్తీ. చెయ్యి జారింది. తావుర్యా ఎడమ జబ్బ దగ్గర ఎముక విరిగింది. తర్వాత అతను తాలీంకు రాలేదు. నాకు మరుసటి ఏడు ఆర్టీసీలో ఉద్యోగం వచ్చింది. అంతే సంగతి.

29 సెప్టెంబర్

తావుర్యానే ఫోన్ చేశాడు. గొంతు ముసలిదైంది గానీ పలకరింపు అదే.

"ఏమాయె ఆగయ్య, బస్సులు నడుపుత లేరట?"

"నడుపుత లేము. నువ్వెట్లున్నవు?"

"నాకేంది, రెండెకరాల పత్తి, నాలుగు గొడ్లు, ఇంట్ల జమ్లీ. ఆ లెక్చరర్ సారు పిలిచిండు. నాకు ఏ అట్ట ఏస్తరు?"

తెలంగాణ అట్ట నా మెడలోనే ఉంటుందని వారం రోజులుగా అనుకుంటున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను.

"నాకు తెలంగాణ అట్ట ఏస్తె ఒస్త. లేకుంటె నా పత్తి నేను ఏరుకుంట" అన్నాడు.

వెంకట్రాంకు చెప్తే ఎగిరి గంతేశాడు. "మంచిగనే ఉంటది! నిరుడు రాళ్లతోని కొట్లాడిన మానుకోట మనిషి మెడల తెలంగాణ అట్ట, జనం ఈలలేస్తరు. నువ్వు సమైక్య అయిపో అన్నా." ఆయనకేం, నోటితో అనేశాడు. జనగామ చౌరస్తాలో, నేను పుట్టి పెరిగిన తాలూకాలో, రోజూ నా బస్సెక్కే జనం ముందు, నేను సమైక్య అయి వెల్లకిలా పడాలి.

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో నాకు తెలుసు. అతనికి ఒక గెలుపు బాకీ ఉన్నాను.

టేకుమట్లలో గెలవాల్సింది అతను. జమ్లీతో పెళ్లి మాటలు జరుగుతున్నాయి అప్పుడు. జమ్లీ, ఆమె అన్నలు ఆ జాతరకు వస్తారని తెలిసి, "ఒక్కసారి నన్ను గెల్వనియ్యి ఆగయ్య, ఆమె ముంగట" అని అడిగాడు. ఏడేళ్లలో అతను అడిగింది ఆ ఒక్కటే. ఉస్తాద్ కూడా సరే అన్నాడు. నొక్కాల్సిన వేలు ఆ రోజు నాది.

చెయ్యి జారింది.

1 అక్టోబర్

మళ్లీ ఫోన్. అన్నీ మాట్లాడుకున్నాం. మొదట నేను ఎత్తుతాను, అతను జారతాడు. రెండోసారి అతను ఎత్తుతాడు. మూడోసారి నేను వెనక నుంచి పట్టుకుంటాను, వీపు మీద రెండుసార్లు నొక్కుతాను. అప్పుడు అతను పడేస్తాడు. "పాత లెక్కనే" అన్నాను. "సరే" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక చాలా తేలిగ్గా అనిపించింది. పక్కింటివాళ్లకు కూడా నవ్వుతూ నమస్కారం పెట్టాను.

4 అక్టోబర్, మంగళవారం

ఊళ్లో నలుగురూ నలభై రకాలుగా ఆట పట్టిస్తున్నారు. మా డ్రైవర్లు నన్ను చూడగానే "ఆంధ్రోడొచ్చిండు, లేసి జాగియ్యిండ్రి" అంటారు. స్టేషన్ రోడ్డులో టిఫిన్ హోటల్ నడిపే గుంటూరు ఆయన కూడా వదల్లేదు. "ఏవండీ ఆగయ్యగారూ, నా వేషం మీరు కడుతున్నారంట! కాస్త గట్టిగా పోరాడండి, మరీ అన్యాయంగా పడిపోకండి" అని రెండు ఇడ్లీలు ఎక్కువ వేశాడు. అందరం నవ్వాం. పైకి నేనూ నవ్వాను.

లోపల మాత్రం కాలుతోంది. ఇరవై ఆరు కుస్తీలు గెలిచినవాణ్ణి. ఈ పిల్లకాయలకేం తెలుసు?

6 అక్టోబర్

దసరా. జమ్మి చేతిలో పెట్టి అందరితో అలయ్ బలయ్ చేసుకున్నాను. ఈ కాలంలో ఎవరూ గట్టిగా పట్టుకోవడం లేదు.

9 అక్టోబర్, ఆదివారం

గెలిపించాను. మాట నిలబెట్టుకున్నాను. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది. రేపు రాస్తాను.

10 అక్టోబర్

నిన్నటి సంగతి వివరంగా రాయాలి.

పొద్దున స్టేషన్‌కు నేనే పోయాను. రైలు దిగిన ముసలాణ్ణి మొదట గుర్తుపట్టలేదు. తల పూర్తిగా నెరిసింది. నడక చూసి గుర్తుపట్టాను, మడమ ముందు పెట్టి, ఒళ్లు కాస్త వెనక్కి వాల్చి నడుస్తాడు. చొక్కా పై గుండీ తీసి ఉంది. ఎడమ జబ్బ దగ్గర ఎముక రేగుపండంత లేచి ఉంది. దాన్ని చూడనట్టు ఉండటానికి చాలా తంటాలు పడ్డాను.

"జమ్లీ రాలేదా?" అన్నాను.

"రాలే. ఒక్కపారి సూసింది సాలు అన్నది."

మా ఇంటికి తీసుకుపోయాను. చిలుకమ్మ జొన్నరొట్టె పెట్టింది. ఉస్తాద్ గురించి మాట్లాడుకున్నాం. పోయి పన్నెండేళ్లయిందంటే తావుర్యా రొట్టె పక్కన పెట్టేశాడు. తర్వాత ఉస్తాద్ లాగా మీసం మీద వేలు పెట్టి, ముక్కుతో, "తిండి గాదుర, ఊపిరి ముఖ్యం" అన్నాడు. అచ్చం ఆయనే. నవ్వి నవ్వి నాకు పొలమారింది. ఆ ఒక్క గంట ఇరవై నాలుగేళ్లు వెనక్కి పోయాం. ఎంత బాగుందో రాయలేను. అతను లేకుండా ఇన్నేళ్లు ఎలా గడిపానో తెలియడం లేదు.

చౌరస్తాలో రెండు ట్రాక్టర్ల ఇసుక పోశారు. జనం మేడల మీద, ఆగిపోయిన లారీల మీద, చెట్ల మీద. డప్పులు. మేమిద్దరం పైజామాలు మడిచి, బనీన్లతో, మెడలో అట్టలతో దిగాం. నన్ను చూసి జనం ఒకటే కేకలు. మొదటి ఎత్తు అనుకున్నట్టే జరిగింది, అతను జారాడు. రెండో ఎత్తు అతనిది, నేను జారాను. మూడోసారి వెనక నుంచి పట్టుకున్నాను. నొక్కాను. అతను పడేశాడు. పడ్డాను. జై తెలంగాణ అని చౌరస్తా దద్దరిల్లింది.

వెంకట్రాం మైకులో మాట్లాడి నాకు పూలదండ వేశాడు. "ఏం యాక్టింగ్ ఆగన్నా! నిజంగ కొట్లాడినట్టే ఉండె" అన్నాడు. అందరూ అదే మాట. గుంటూరు ఆయన చెయ్యి కలిపాడు. పేపర్లో ఫోటో కూడా వచ్చింది, నేను కింద, తావుర్యా పైన.

తావుర్యా చాయ్ కూడా తాగకుండా మధ్యాహ్నం రైలుకు వెళ్లిపోయాడు. నేను స్టేషన్‌కు వస్తానంటే వద్దన్నాడు. అలిసిపోయి ఉంటాడు.

11 అక్టోబర్

నొక్కాననే గుర్తు.

12 అక్టోబర్, బుధవారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. ఇంత పిరికివాణ్ణని నాకు తెలియదు.

నొక్కలేదు.

మూడోసారి వెనక నుంచి పట్టుకున్నప్పుడు నా బొటనవేలు అతని వెన్నుపూస మీదే ఉంది. బనీను తడిసి అంటుకుపోయి ఉంది, ఊపిరి లోపలికి పోవడం, రావడం నా వేలికి తెలుస్తోంది. నొక్కాలి. అంతే పని. అప్పుడు జనం అరుస్తున్నారు, "పడేయ్ ఆంధ్రోణ్ణి! బొందపెట్టు!" రోజూ పాలకుర్తి బస్సులో నా దగ్గర టికెట్ తీసుకునే పండ్లమ్మే ఆమె కూడా నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏం పహిల్వాన్‌వయ్య, గంతేనా నీ బలం?" అని అరిచింది. ఆటకే అరిచింది. నవ్వుతూనే అరిచింది. నా ఒంట్లో ఏదో లేచింది. వీళ్లందరి ముందు నేను పడటమేంటి అనిపించింది. తెలంగాణ గుర్తులేదు, సమ్మె గుర్తులేదు, జమ్లీ గుర్తులేదు. నేను గెలవాలి, అంతే.

నొక్కకుండా చెయ్యి పైకి జరిపి అతని ఎడమ జబ్బ పట్టుకున్నాను. నేను విరగ్గొట్టిన చోటే. అక్కడ బలం ఉండదని నాకు తెలుసు కాబట్టి అక్కడే పట్టుకున్నాను. ఇది రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

తావుర్యా ఒళ్లు వదులుగా లేదు. ఇనుపకడ్డీలా ఉంది. ఒక మోకాలు కిందికి దించాడు, నడుము నా కిందికి తోశాడు. నా కాళ్లు నేల మీద లేవు. మేడ మీద జనం, కరెంటు తీగలు, ఆకాశం కనబడ్డాయి. ఇసుక దాటి తారు మీద పడింది నా వీపు. లేవబోయాను. ఉన్న బలమంతా పెట్టి లేవబోయాను. అతని ఛాతీ నా మీద ఉంది, రెండు భుజాలూ నేలకు అదిమి పెట్టాడు. కదల్లేకపోయాను. అది మాట కుస్తీ కాదు. నన్ను నిజంగా ఓడించాడు.

నా చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా అన్నాడు.

"టేకుమట్లల నీ వేలి కోసం సూసుకుంట ఉన్న ఆగయ్య. గియ్యాల సూడలే."

అంతే అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో.

టేకుమట్లలో చెయ్యి జారలేదు. అప్పుడు కూడా జనం నా పేరే అరిచారు. అతను ఒళ్లు వదిలేసి, నా మీద నమ్మకంతో నిలబడి ఉంటే ఎత్తి కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. జమ్లీ ముందు వరుసలో ఉంది. ఆమె చేతుల నిండా తెల్లగాజులు, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కడెం తీసుకుని చెయ్యి పైకెత్తి ఊరంతా తిరిగాను. నాకు ఆర్టీసీ ఉద్యోగం ఇప్పించిన పెద్దమనిషి ఆ రోజు అక్కడే ఉన్నాడు.

ఇంకొకటి. అది కూడా రాసేస్తాను. ఆ రోజు పత్రిక వాళ్లడిగినా, నేను పడ్డాక వెంకట్రాం మైకులో చెప్పినా, అందరిదీ ఒకటే మాట: "మన ఆగన్న తెలంగాణ కోసం ఓడిపోయిండు! చప్పట్లు కొట్టుండ్రి!" తావుర్యా అప్పుడు ఇసుకలో నిలబడి రొప్పుతున్నాడు. ఆ మాట వినగానే నా వైపు చూశాడు. నేను చెప్తానని చూశాడు. నేను మెడ వంచి దండ వేయించుకున్నాను.

జీవితం మొత్తంలో అతను జనం ముందు గెలిచిన కుస్తీ అది ఒక్కటే. దాన్ని నా యాక్టింగ్ కింద జమకట్టుకున్నాను. అందుకే చాయ్ తాగకుండా పోయాడు.

చిలుకమ్మకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నాకెందుకు చెప్తున్నవు? నేను గాదు గద ఇనాల్సింది" అంది.

13 అక్టోబర్, గురువారం

పొద్దున రైలెక్కి కాజీపేటలో మారి మానుకోటలో దిగాను. అక్కడి నుంచి ఆటో, తర్వాత పత్తి చేల గట్ల మీద నడక. తండాకు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది.

జమ్లీ వాకిట్లో మక్కకంకులు ఆరబోస్తోంది. జుట్టు నెరిసింది, చేతులకు తెల్లగాజులు లేవు, మామూలు మట్టిగాజులు. నన్ను చూసి గుర్తుపట్టింది. లేవలేదు. తావుర్యా వేప నీడన మంచం మీద కూర్చుని పలుపుతాడు పేనుతున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"జమ్లీ, మొన్న జనగామల గెల్సింది తావుర్యా" అన్నాను.

"ఎరికే. పేపర్ల సూసిన. మాట్లాడుకుని పట్టిండ్రట గద" అంది కంకులు తిప్పుతూ. "మైకుల గూడ చెప్పిండ్రట. మా అన్న కొడుకు ఆడనే ఉన్నడు. తండ అంత నవ్వుతున్నరు, గీ వయసుల గీ ఏషాలేందని."

"మాట్లాడుకున్నది నిజమే. నేను మాట తప్పిన. ఆయనను పడేద్దామని సూసిన. ఇరిగిన జబ్బనే పట్టిన. నా బలమంత పెట్టిన. గయినా ఎత్తి కొట్టిండు. లేవలేకపోయిన. నేను నిజంగ ఓడిపోయిన."

కంకులు తిప్పే చెయ్యి ఆగింది. ఆమె నన్ను కాదు, మొగుణ్ణి చూసింది.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన గద. నువ్వు నవ్వినవు" అన్నాడు తావుర్యా తాడు పేనుతూనే. "ఓడినోడు చెప్తెనే నమ్ముతరు. గెల్సినోడు చెప్తె ఎవలు నమ్ముతరు?"

"టేకుమట్లల?" అంది నా వైపు తిరిగి.

"టేకుమట్లల గెల్వాల్సింది ఆయననే. నేను ఒప్పుకున్న. నన్ను నమ్మి నిలబడ్డోణ్ణి ఎత్తి కొట్టిన. చెయ్యి జారలే."

తిడుతుందనుకున్నాను. కొడితే పడదామనే వచ్చాను. జమ్లీ లేచి కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఆగు, ఈడనే ఉండు" అని, ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని పిలిచింది. టేకుమట్లకు వచ్చిన అన్నలిద్దరూ వచ్చారు. పెద్దాయనకు కళ్లు కనబడవు, మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆడవాళ్లు వచ్చారు. అందరూ వాకిట్లో కంకుల చుట్టూ కూర్చున్నారు.

"మల్ల చెప్పు. మొదటి నుంచి" అంది జమ్లీ.

చెప్పాను. మధ్యలో కొందరు కొత్తగా వస్తే వాళ్ల కోసం మళ్లీ మొదటి నుంచి చెప్పాను. కళ్లు లేని పెద్దాయన, తావుర్యా నన్ను ఎట్లా ఎత్తాడో చూపించమంటే, నా చేతులతో ఆయన నడుం పట్టుకుని మోకాలు ఎక్కడ దించాడో, నడుం ఎలా తోశాడో చూపించాను. ఆయన తావుర్యా ఉన్న వైపు ముఖం తిప్పి వాళ్ల భాషలో శభాష్ అన్నట్టు ఏదో గట్టిగా అన్నాడు. అందరూ ఒక్కసారిగా తావుర్యా వైపు తిరిగారు.

తావుర్యా చేతిలో తాడు కింద పడింది. గబగబా లేచి ఇంట్లోకి వెళ్లిపోయాడు. తలుపు సందులో అతని వీపు కనబడుతోంది. గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, భుజాలు అదురుతున్నాయి. నేను మాట ఆపి అటు అడుగు వేశాను.

జమ్లీ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పోకు. ఆయనను ఇననియ్యి. నువ్వు చెప్పు."